గల్ఫ్ ప్రయాణం: బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లు ముందే చక్కబెట్టుకోవాల్సినవి

గల్ఫ్‌లో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలామటుకు ఇక్కడే మొదలవుతాయి. పాస్‌పోర్టు ఫారం నింపేటప్పుడు కొన్ని, ఏజెంటు చేతిలో డబ్బు పెట్టేటప్పుడు మరికొన్ని. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. 1936లో ఒడిశా విడిపోయినప్పటి నుంచీ ఇక్కడ ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో కాగితం ఒడియా. ఏజెంటేమో ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో విశాఖపట్నంలోనో ఉంటాడు. అందుకే మొదట కాగితాల సంగతి చూద్దాం.

పేరు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి

ఒడియాలో ‘వ’ని చాలాచోట్ల ‘బ’గా పలుకుతారు, రాస్తారు. కృష్ణ అక్కడ క్రుష్ణ. బళ్లో మాస్టారు హాజరుపట్టీలో రాసిన వెంకటరావు పదో తరగతి సర్టిఫికెట్‌లోకి వచ్చేసరికి బెంకట రావు అవుతాడు. ఆధార్ తీసేటప్పుడు ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. ఓటరు కార్డులో ఆ ఒక్క అక్షరం కూడా ఉండదు. ఊళ్లో ఉన్నంతకాలం దీన్ని ఎవరూ పట్టించుకోరు. వీసా స్టాంపింగ్‌లో, అక్కడి బ్యాంకు ఖాతాలో, ఆఖరికి బీమా క్లెయిమ్‌లో మాత్రం వెంకట, బెంకట ఇద్దరు మనుషులే.

ఒక తెల్లకాగితం తీసుకుని పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్, ఓటరు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం ముందు పెట్టుకోండి. ఒక్కోదానిలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా ఎలా ఉన్నాయో వరుసగా రాయండి. తేడా ఎక్కడుందో అప్పుడే తేలిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు దాన్నే ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి సరిపోయేలా మార్చుకోవడం మేలు. అందులో పేరు దిద్దించాలంటే హెడ్‌మాస్టారి ద్వారా కటక్‌లోని బోర్డు దాకా వెళ్లాలి, దానికి నెలలు పడుతుంది. ఆధార్‌లో పేరు రెండుసార్లు మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ మాత్రం ఒక్కసారే. కాబట్టి కేంద్రానికి వెళ్లే ముందే స్పెల్లింగు ఖాయం చేసుకోండి. ఆధార్ సరయ్యాక పాన్, ఆ తర్వాత బ్యాంకు.

పాస్‌పోర్టు ఫారంలో పొడి అక్షరాలు పనికిరావు. ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి, సర్‌నేమ్ గడిలో అదే పడాలి. ఆ గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు రెండో గడిలో నింపేస్తే తర్వాత చిక్కే. 2022 నవంబరు నుంచి యూఏఈ ఒంటిపేరు పాస్‌పోర్టు మీద విజిట్ వీసాతో రానివ్వడం లేదు. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు, తత్కాల్‌లో అయితే 3,500. 2018 నుంచి దేశంలో ఎక్కడి కేంద్రంలోనైనా దరఖాస్తు చేసుకోవచ్చు గనుక పర్లాకిమిడి వాళ్లు విశాఖపట్నం వెళ్లినా ఇబ్బంది లేదు. పోలీసు విచారణ మాత్రం మీ చిరునామా ఉన్న ఠాణా నుంచే వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా చిరునామాతో ఆధార్ మార్పిస్తాం, పని తొందరగా అవుతుంది అని చెప్పేవాళ్ల మాట వినకండి. విచారణకు వచ్చిన కానిస్టేబులుకు ఆ ఇంట్లో మీరు కనపడరు. రేపు అక్కడ ఏదైనా జరిగితే ఒడిశా అధికారులు ఆంధ్రా వైపు చూపిస్తారు, ఆంధ్రా వాళ్లు మీ రేషన్ కార్డు చూసి ఇటు చూపిస్తారు. ఆంధ్రా ప్రభుత్వం తన ప్రవాసుల కోసం పెట్టిన బీమా, సాయం ఆ రాష్ట్రం వాళ్లకే వర్తిస్తాయి. తెలుగు మాట్లాడినంత మాత్రాన ఛత్రపురం కలెక్టరేటు కింద ఉన్నవాళ్లకు అవి రావు.

ఈసీఆర్ అంటే భయపడక్కర్లేదు

పది పాసవని వాళ్ల పాస్‌పోర్టులో, తల్లిదండ్రుల పేర్లు ఉండే పేజీలో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని పడుతుంది. పది పాసై కూడా సర్టిఫికెట్ జతచేయకపోతే అదే పడుతుంది. అలాంటి పాస్‌పోర్టుతో సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, మలేషియాతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. ఇది అడ్డంకి అని అందరూ అంటారు గానీ, నిజానికి అది లేనివాళ్లకంటే ఉన్నవాళ్లకే కాస్త రక్షణ ఎక్కువ. మీ ఒప్పందం విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైటులో నమోదవుతుంది, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి అవుతుంది. ఆ పాలసీకి రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. గడువు దాటితే అది చిత్తుకాగితమే, అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో రెన్యూవల్ చేసుకోవచ్చు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లు ఈ దేశాలకు పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలి. వయసు ఎక్కువ వేయించి పంపిస్తామనే ఏజెంటు ఆ పిల్లను ఎక్కడికి పంపుతాడో ఊహించుకోవచ్చు.

ఏజెంటు

విదేశాంగ శాఖ లైసెన్సు ఉన్న ఏజెన్సీ మాత్రమే మనుషుల్ని పంపగలదు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు ఏ లైసెన్సూ ఉండదు, మీకు మేనమామ వరసైనా సరే. ఈ-మైగ్రేట్ సైటులో రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా తెరిచి ఏజెన్సీ పేరు కొట్టండి. లైసెన్సు నడుస్తోందా, సస్పెండ్ అయిందా, గడువు తీరిందా అనేది అక్కడే కనిపిస్తుంది. తర్వాత ఫోను చేయండి, అయితే విజిటింగ్ కార్డు మీది నంబరుకు కాదు, సైటులో ఉన్న నంబరుకు. పేరున్న ఏజెన్సీ లెటర్‌హెడ్‌ను రంగుల జిరాక్సు తీయించి వాడుకునేవాళ్లు ఉన్నారు. ఫలానా కంపెనీకి, ఫలానా పనికి, ఇంతమంది కావాలని మీ దగ్గరికి డిమాండ్ లెటర్ వచ్చిందా అని అడగండి.

ఏజెన్సీ మీ దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. లక్ష, లక్షన్నర అడుగుతున్నారంటే మిగతాది చేతులు మారే సొమ్ము. అది మీరు ఇచ్చినట్టు ఏ కోర్టులోనూ చూపించలేరు. ఇవ్వక తప్పదనుకుంటే కనీసం బ్యాంకు ద్వారా ఇవ్వండి.

వీసాలో ఏముంది?

మేస్త్రీ పని, రాడ్ బెండింగ్, షట్టరింగ్, పైపు ఫిట్టింగ్ ఏదైనా సరే, కంపెనీ వీసా అంటే ఆ కంపెనీయే మీ యజమాని. ఆజాద్ వీసా అనేది చట్టంలో లేనిది. ఎవరో ఒక కఫీల్ (అక్కడ వీసా ఇప్పించే యజమాని) పేరు మీద వెళ్లి, బయట ఎక్కడో పని వెతుక్కోవడం, ఏటా ఆ కఫీల్‌కు డబ్బు కట్టడం, ఇదే ఆజాద్. బయట పనిచేస్తూ దొరికితే మీరే నేరస్తులు. విజిట్ వీసా మీద వెళ్లాక వర్క్ వీసాకు మారుస్తాం అన్నది దీనికి అన్న. మారుస్తారో లేదో తర్వాతి సంగతి, ఈసీఆర్ పాస్‌పోర్టు అయితే ఎయిర్‌పోర్టులోనే ఆపేయొచ్చు.

కువైట్‌లో 18 నంబరు వీసా ప్రైవేటు కంపెనీలది, 20 నంబరు ఇంటి పనివాళ్లది. 20 మీద వెళ్లి హోటల్లో పనిచేయడం కుదరదు. సౌదీలో ఇంటి డ్రైవరు వీసా కూడా ఇంటి పనివాళ్ల లెక్కలోకే వస్తుంది. 2021 మార్చి నుంచి సౌదీలో ఏడాది తర్వాత యజమాని అనుమతి లేకుండా కంపెనీ మారే వీలు వచ్చింది గానీ, ఆ వెసులుబాటు ఇంటి డ్రైవరుకు, ఇంటి పనివాళ్లకు లేదు. జీతం ఒకటే కదా అని ఇంటి డ్రైవరు వీసాకు ఒప్పుకునేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి.

ఒప్పందంలో జీతం మొత్తం ఎంత అని చూసి ఊరుకోవద్దు. బేసిక్ ఎంతో చూడండి. 1,200 దిర్హంలు అన్నప్పుడు అది 800 బేసిక్, 400 అలవెన్సులు కావచ్చు. యూఏఈలో ఓవర్‌టైమ్ బేసిక్ మీదే లెక్క. గంట కూలికి 25 శాతం, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 దాకా అయితే 50 శాతం కలిపి ఇవ్వాలి. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ ఇస్తారు. 800 బేసిక్ అయితే ఏడాదికి 560 దిర్హంలు, అయిదేళ్లకు 2,800. అదే 1,200 మొత్తం బేసిక్ అయితే 4,200. మొత్తం జీతం ఒకటే అయినా చేతికొచ్చేది ఇంత మారుతుంది. సౌదీలో మొదటి అయిదేళ్లకు ఏడాదికి సగం నెల, ఆ పైన నెల జీతం చొప్పున ఇస్తారు. ఖతార్‌లో 2021 నుంచి కనీస బేసిక్ 1,000 రియాళ్లు, కంపెనీ తిండీ గదీ ఇవ్వకపోతే తిండికి 300, గదికి 500 అదనం.

వడ్డీ లెక్క

మన వైపు నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి వెళ్లేవాళ్లు చాలామంది. నెలకు వడ్డీయే 4,500. గది కంపెనీది, తిండి సొంతం అనుకుందాం. 1,200 దిర్హంల జీతంలో తిండికి 350, ఫోనుకు 50 పోతే మిగిలేది 800. దిర్హం 23 రూపాయలు వేసుకుంటే 18,400. ఆ మొత్తం నెలనెలా అప్పుకే కట్టినా అది తీరడానికి తొమ్మిది, పది నెలలు పడుతుంది. అప్పటిదాకా ఇంటికి ఒక్క రూపాయి పంపకూడదు. పైగా మొదటి జీతం చేతికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పట్టొచ్చు, ఆ వడ్డీ కూడా కలుపుకోవాలి. ఇదే లెక్క 35,400కి వేసి చూడండి. సూరత్ మగ్గాల్లోనో, భువనేశ్వర్‌లో కట్టడం పనిలోనో రెండేళ్లలో మిగిలేదానితో పోల్చాకే అవునో కాదో చెప్పండి. రెండేళ్ల ఒప్పందంలో ఏడాది అప్పుకే పోయేటట్టయితే ఆ ప్రయాణానికి అర్థం లేదు.

మెడికల్

గల్ఫ్ దేశాల మెడికల్ పరీక్ష వాఫిద్ అనే వ్యవస్థ ద్వారా జరుగుతుంది, సెంటరు కూడా అక్కడ నమోదై ఉన్నదే కావాలి. ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ ముఖ్యమైనవి. చాలామందిని పడగొట్టేది ఎక్స్‌రే. ఎప్పుడో టీబీ వచ్చి పూర్తిగా నయమైనా ఊపిరితిత్తి మీద మచ్చ మిగులుతుంది, దాన్ని చూసి అన్‌ఫిట్ అంటారు. అందుకే ఏజెంటుకు పైసా ఇవ్వకముందే బరంపురంలోనో పర్లాకిమిడిలోనో సొంతంగా ఒక ఎక్స్‌రే, హెపటైటిస్ పరీక్ష చేయించుకోండి. కొన్ని వందలతో పోతుంది. ఇక్కడ డబ్బిచ్చి ఫిట్ రాయించుకున్నా లాభం లేదు. అక్కడ దిగాక రెసిడెన్సీకి మళ్లీ పరీక్ష ఉంటుంది, అందులో తప్పితే తిరుగు విమానమే. అప్పు మాత్రం అక్కడే ఉంటుంది.

పెట్టెలో పెట్టకూడనివి

గసగసాలు. కూరలో వేసుకునే ఈ దినుసు యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో మత్తుమందు కిందికి వస్తుంది. మసాలా పొడిలో కలిపి దంచి ఇచ్చినా అంతే, కాబట్టి అత్తగారు కట్టిచ్చిన పొడి డబ్బాలో ఏముందో అడిగి మరీ పెట్టుకోండి. గుట్కా, ఖైనీ, గుడాకు, తమలపాకుల కట్టలు వద్దు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు వద్దు. బీపీ, షుగరు మాత్రలకు డాక్టరు చీటీ జతగా ఉండాలి. ఎవరో ఎయిర్‌పోర్టులో ‘మా తమ్ముడికి ఇవ్వండి’ అని ఇచ్చే పొట్లం ముట్టుకోకండి, వాళ్లు మన ఊరి వాళ్లే అయినా. ఆవకాయ తీసుకెళ్లొచ్చు గానీ చేతి సంచిలో కాదు. మూత చుట్టూ టేపు వేసి, రెండు పాలిథీన్ సంచుల్లో కట్టి పెద్ద పెట్టెలో పెట్టాలి.

ఇంట్లో ఒక ఫైలు వదిలి వెళ్లండి. పాస్‌పోర్టు మొదటి, ఆఖరి పేజీలు, వీసా, ఒప్పందం, బీమా పాలసీ, ఏజెన్సీ రసీదు జిరాక్సులు, కంపెనీ పేరు, ఊరు, ఫోను నంబరు అందులో ఉండాలి. అవసరం పడిన రోజు ఇంట్లోవాళ్లు వాట్సాప్‌లో వెతుక్కునే స్థితి రాకూడదు.

మొదటి రెండు నెలలు

గది అంటే ఆరుగురో ఎనిమిదిమందో పడుకునే రెండంతస్తుల మంచాలు. క్యాంపులో అందరి భాష హిందీ. మన వైపు వాళ్లకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు గనుక ఇద్దరి మెస్సుల్లోనూ చోటు దొరుకుతుంది. చెప్పుకోవడానికి చిన్నదే గానీ మొదటి నెలల్లో ఇది పెద్ద ఆసరా. కరీంనగర్ వాళ్లతో వంట, గంజాం వాళ్లతో పని కబురు. కొత్తలో నలుగురు కలిసి వండుకుంటే ఖర్చు సగానికి దగ్గరగా తగ్గుతుంది.

ఇఖామా (సౌదీలో నివాస అనుమతి కార్డు) లేదా ఐడీ కార్డు చేతికి రాగానే రెండువైపులా ఫోటో తీసి ఇంటికి పంపండి. ఆ కార్డు ఎవరికీ ఇవ్వకండి. ‘సిమ్ కావాలి, నీ కార్డు మీద తీసుకుంటా’ అనే రూమ్‌మేట్‌కు కూడా ఇవ్వకండి. మీ పేరు మీద సిమ్ములు, అప్పులు పడితే తిరిగి వచ్చే రోజు ఎయిర్‌పోర్టులో తెలుస్తుంది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోకూడదని అక్కడి చట్టాలే చెబుతున్నా చాలా కంపెనీలు పెట్టుకుంటాయి. మీ దగ్గర జిరాక్సు ఉంటే సగం భయం పోతుంది.

ఎన్ని గంటలు పనిచేశారో చిన్న పాకెట్ డైరీలో ఏ రోజుకారోజు రాయండి. ఓవర్‌టైమ్ గొడవ వచ్చినప్పుడు ఫోర్‌మన్ షీటు ఒక లెక్క చెబుతుంది, మీ డైరీ ఇంకో లెక్క చెబుతుంది. డైరీ లేకపోతే మీ మాటకు ఆధారమే లేదు.

ఎండాకాలం వేరే సంగతి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి 3.30 వరకు ఎండలో పని చేయించకూడదు. గంజాం ఉక్క అలవాటే కదా అనుకుని నీళ్లు తక్కువ తాగేవాళ్లే ఎక్కువగా పడిపోతారు. మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తోందంటే అప్పటికే ఆలస్యమైంది. సైటుకు దూరంగా మరుగుదొడ్డి ఉందని నీళ్లు మానేయడం కిడ్నీలకు చేటు. తల తిరిగి, చెమట ఆగిపోయి, మాట తడబడితే అది వడదెబ్బ. మనిషిని నీడకు లాగి, బట్టలు తడిపి, గాలి తగిలేలా చేసి వెంటనే అంబులెన్సు పిలవాలి.

ఇంటికి ఫోను చేయడానికి యూఏఈలో వాట్సాప్ కాల్ పనిచేయదు, బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ కావాలి. సమయం యూఏఈలో మనకంటే గంటన్నర, సౌదీ, కువైట్, ఖతార్‌లలో రెండున్నర గంటలు వెనక. డ్యూటీ అయ్యాక రాత్రి పదింటికి సౌదీ నుంచి చేస్తే ఇక్కడ పన్నెండున్నర, పిల్లలు నిద్రలో ఉంటారు. సెలవు రోజు ఒక సమయం ఖాయం చేసుకుంటే రోజూ ఫోను కోసం చూసి అలిగే బాధ ఇద్దరికీ ఉండదు.

డబ్బు పంపడం

పనికి విదేశం వెళ్లాక ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసుల ఖాతాగా మార్పించాలి. సంపాదన పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎన్ఆర్ఓ వడ్డీ మీద 30 శాతం ముందే కోస్తారు. హుండీలో, అంటే బ్యాంకు కాకుండా దళారి ద్వారా పంపితే, రేటు నాలుగు పైసలు ఎక్కువ వస్తుంది గానీ ఆ డబ్బు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అది నేరపు సొమ్మని తేలితే ముందు స్తంభించేది ఇక్కడ మీ భార్య ఖాతా. అన్నదమ్ముల చేతికి పంపి స్థలం కొనమనేవాళ్లు రిజిస్ట్రేషన్ ఎవరి పేరున జరుగుతుందో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పవరాఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే అన్నిటికీ కలిపి కాకుండా ఆ ఒక్క స్థలానికే ఇవ్వండి. కాన్సులేట్‌లో అటెస్టు చేయించిన కాగితం ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

గొడవ వస్తే

జీతం ఆగితే కంపెనీ వదిలి పారిపోవడం అన్నిటికంటే పెద్ద నష్టం. సౌదీలో హురూబ్ (పారిపోయాడని యజమాని చేసే ఫిర్యాదు) పెట్టారంటే బాకీ జీతం అడిగే మీరే ముద్దాయి అవుతారు. ఖల్లివల్లిగా, అంటే సరైన కాగితాలు లేకుండా తిరిగినన్నాళ్లూ ఆసుపత్రికి వెళ్లాలన్నా భయమే. ముందు అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు నమోదు చేయండి, ఆ నంబరు దాచుకోండి. తర్వాత భారత రాయబార కార్యాలయం లేబర్ విభాగానికి, విదేశాంగ శాఖ ఫిర్యాదుల సైటు మదద్ పోర్టల్‌లోనూ పెట్టండి. యూఏఈలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 800 46342, ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు చేయాల్సింది 1800 11 3090.

ఇంటి దగ్గర నుంచి అర్జీ పెట్టేటప్పుడు మన వైపు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. తెలుగులో రాసి ఇచ్ఛాపురం నాయకుడికో, శ్రీకాకుళం అధికారికో ఇస్తారు. మీ కలెక్టరు గంజాం వాళ్లకు ఛత్రపురంలో, గజపతి వాళ్లకు పర్లాకిమిడిలో ఉంటారు. ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఒక పేజీ అర్జీ రాయించి, పాస్‌పోర్టు నంబరు, ఐడీ నంబరు, కంపెనీ పేరు, బాకీ ఎన్ని నెలలు, ఎంత అనేవి వేసి, మదద్ ఫిర్యాదు నంబరు జతచేసి ఇవ్వండి, రసీదు ముద్ర వేయించుకోండి. మనిషి చనిపోయిన సందర్భంలో శవం రప్పించడానికి కంపెనీ డబ్బు పెట్టకపోతే రాయబార కార్యాలయం దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంటుంది, అర్జీలో దాని పేరు రాసి అడగాలి.

తిరిగి వచ్చేటప్పుడు

పని వదిలే ముందు గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల జీతం, ఓవర్‌టైమ్ బాకీ విడివిడిగా రాయించుకుని లెక్క చూసుకోండి. అన్నీ ముట్టాయని అరబ్బీలో రాసిన కాగితం మీద డబ్బు ఖాతాలో పడకముందే సంతకం పెట్టించుకోవడం మామూలు. చదవలేకపోతే ఫోటో తీసి అరబ్బీ వచ్చినవాళ్లకు పంపి, వాళ్లు చెప్పాకే సంతకం పెట్టండి. విమానం ఎక్కాక అక్కడి బాకీ వసూలు చేయడం దాదాపు అసాధ్యం. అక్కడి బ్యాంకు ఖాతా మూసేసి, సిమ్ రద్దు చేయించి, ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడిందో లేదో చూసుకుని రండి. కంపెనీ ఇచ్చే అనుభవం సర్టిఫికెట్ ఇంగ్లీషులో, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. వెంకట అనే ఉందా, బెంకట అయిందా అని కౌంటరు దగ్గరే చూడండి.